ఆరు నెలలుగా రోజూ 24 కిలోమీటర్లు తొక్కుతున్నా, స్పీడు 18 దాటట్లేదు. 47 ఏళ్లకి ఇంతేనా?

పానగల్_రోడ్డు
వయసు 47, బరువు 82 కిలోలు. జనవరి నుంచి రోజూ పొద్దున ఐదున్నరకి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బయలుదేరి, పానగల్ మీదుగా నార్కట్‌పల్లి రోడ్డులో 12 కిలోమీటర్లు పోయి తిరిగొస్తున్నాను. ఆదివారం కూడా మానలేదు. మొదటి రెండు నెలల్లో సగటు 14 నుంచి 18కి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మార్చిలో గంటా ఇరవై నిమిషాలు పట్టేది, ఇప్పుడు జూలైలోనూ అంతే. పోనీ తేలిగ్గా తొక్కుతున్నానా అంటే లేదు, రోజూ ఒళ్లు హూనమయ్యేలా తొక్కుతున్నాను. వాచీలో గుండె సగటున 142 చూపిస్తోంది. ఆఫీసులో పదకొండింటికే కళ్లు మూతపడుతున్నాయి. పైగా నెల రోజులుగా మోకాలిచిప్ప దగ్గర నొప్పి, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ.

ఉదయసముద్రం చెరువు కట్ట దగ్గర కాలేజీ పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటిపోతుంటారు. ఆ వయసు మళ్లీ రాదని తెలుసు. కనీసం 22 సగటు అయినా అందుకోగలనా? సైకిల్ హైబ్రిడ్ (రోడ్ బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం), పోయినేడు కొన్నది.

కల్వకుర్తి_కుర్రోడు
రోడ్ బైక్ (సన్న టైర్ల రేసు సైకిల్) తీసుకో అన్నా. రెండు మూడు కిలోమీటర్లు వెంటనే పెరుగుతాయి. నాది అట్లనే పెరిగింది.

సైకిల్_టాక్సీ_మామ
కొనేముందు ఉన్నదాన్ని చూసుకోవాలి తమ్ముడూ. టైర్లలో గాలి ఎంత ఉంది? వేలితో నొక్కి చూసి బాగుంది అంటే కుదరదు. టైరు పక్కనే ఎంత నుంచి ఎంత కొట్టాలో అచ్చేసి ఉంటుంది, మీటరున్న పంపుతో వారానికి రెండుసార్లు చూసుకోవాలి. చైను పొడిగా ఉందా? వెనక చక్రం పైకెత్తి తిప్పితే ఎంతసేపు తిరుగుతోంది, బ్రేకు రబ్బరు ఎక్కడైనా రాసుకుంటోందా? నా దగ్గరికి వచ్చే పది బండ్లలో నాలుగింటికి బ్రేకు పట్టుకునే ఉంటుంది. ఆ మనిషి మాత్రం వయసైపోయిందని బాధపడుతుంటాడు.

పానగల్_రోడ్డు
మామా, గాలి పెట్రోల్ బంకులో కొట్టించుకుంటున్నాను, నెలకోసారి. చైనుకి కొన్నప్పటి నుంచి ఏమీ వేయలేదు.

సైకిల్_టాక్సీ_మామ
అయితే ముందు అదే పని. ఇంకోటి అడుగుతాను. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయా?

పానగల్_రోడ్డు
అవును, ఆనేట్టే పెట్టించుకున్నాను. పడిపోతానేమోనని.

సైకిల్_టాక్సీ_మామ
మీ మోకాలి నొప్పి అక్కడే ఉంది.

గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ని కిందికంటా దించి, చెప్పులు లేకుండా మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా చాపుకోవాలి, నడుము పక్కకి ఒరగకూడదు. అది సరైన ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొంచెం వంగే ఉంటుంది. సీటు కిందికి ఉంటే ప్రతి తొక్కుకీ మోకాలు మరీ మడిచినట్టవుతుంది, చిప్ప మీద బరువు పడుతుంది. మరీ పైకి పెడితే మోకాలి వెనక నొప్పి వస్తుంది. ఒక్కరోజులో మొత్తం లేపొద్దు. రోజు విడిచి రోజు అర వేలి మందం ఎత్తండి, ఒళ్లు అలవాటు పడాలి. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి కాలు పెట్టడం నేర్చుకోండి, పడరు.

పదిహేనేళ్ల వయసు నుంచి బస్టాండు వెనక గల్లీలో ఇదే పని చేస్తున్నాను, ఇప్పుడు 61. కిరాయి సైకిళ్లు పోయాయి, బోర్డు మీద పేరు మాత్రం మిగిలింది. సీటు లేపితే నడక మారినవాళ్లను చాలామందిని చూశాను.

పాలమూరు_టీచరమ్మ
మామ చెప్పింది నిజం. నేను సీటు ఎత్తాక మన్యంకొండ ఘాట్ రోడ్డు మొదటిసారి దిగకుండా ఎక్కాను.

అన్నయ్య గారూ, మీరు పోయేటప్పుడు ఎంతసేపు, వచ్చేటప్పుడు ఎంతసేపు పడుతోంది? విడిగా చెప్పండి.

పానగల్_రోడ్డు
పోయేటప్పుడు 32 నిమిషాలు, వచ్చేటప్పుడు 48. వచ్చేటప్పటికి అలసిపోతాను కదా మేడం.

పాలమూరు_టీచరమ్మ
అలసట కొంతే. ఇది ఆషాఢం, గాలి గట్టిగా కొడుతోంది. నార్కట్‌పల్లి వైపు పోయేటప్పుడు అది మీ వీపును తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ముఖానికి ఎదురొస్తుంది. లెక్క చూడండి: పోయేటప్పుడు 22.5, వచ్చేటప్పుడు 15. రెండూ కలిపి సగం చేస్తే 18.75 రావాలి, మీకు వచ్చేది 18. తక్కువ స్పీడులో ఎక్కువసేపు గడుపుతారు కాబట్టి పోయేటప్పుడు గాలి ఇచ్చింది, వచ్చేటప్పుడు అది తీసుకున్నదాన్ని పూడ్చదు. అంటే మార్చిలో గాలి లేనప్పుడు 18, ఇప్పుడు ఈ గాలిలోనూ 18. మీరు ఆగిపోలేదు, మెరుగయ్యారు. వాచీకి గాలి సంగతి తెలియదు.

ఇంకో మాట. గాలిని చీల్చడానికి పెట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 18 నుంచి 22 అంటే స్పీడు పెరిగేది 22 శాతమే, గాలి కోసం పెట్టే శక్తి మాత్రం దాదాపు 1.8 రెట్లు. అందుకే 14 నుంచి 18 తేలిగ్గా వచ్చింది, ఆ పైన ఒక్కో కిలోమీటరూ కష్టపెడుతుంది. ఎదురుగాలిలో మోచేతులు వంచి తల కొంచెం దించండి. గాలికి ఎగిరే వదులు చొక్కా వద్దు.

కల్వకుర్తి_కుర్రోడు
లెక్కల మేడం క్లాసులో కూర్చున్నట్టుంది 😀 నిజంగా అర్థమైంది మేడం. శ్రీశైలం రోడ్డులో నాకూ ఇదే జరుగుతోంది, నేనూ అలసట అనుకున్నాను.

మిర్యాలగూడ_ఫిజియో
పైన అందరూ సైకిల్ గురించి చెప్పారు, నేను మనిషి గురించి చెప్తాను.

220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. మీకు 173. ఇది అంచనా మాత్రమే, మనిషిని బట్టి పది అటూ ఇటూ ఉండొచ్చు. మీ సగటు 142 అంటే 82 శాతం. అసలు సమస్య ఇక్కడుంది. రోజూ అదే 82. ఒంటికి ఓపిక పెంచే మెల్లని తొక్కుడూ కాదు, గుండెకు కొత్త బలం ఇచ్చే గట్టి తొక్కుడూ కాదు. రెండింటి మధ్య ఇరుక్కుని ఏడు రోజులూ అలసిపోతున్నారు. ఆఫీసులో నిద్ర అందుకే.

వారంలో మూడు రోజులు పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత మెల్లగా తొక్కండి. మీకు 120, 125 దాటొద్దు. మొదట్లో చిరాకేస్తుంది, ముసలాయన కూడా దాటిపోతాడు. పోనివ్వండి. రెండు రోజులు మాత్రం గట్టిగా. 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, 4 నిమిషాలు ఒకటి రెండు ముక్కలకు మించి మాట్లాడలేనంత గట్టిగా, తర్వాత 3 నిమిషాలు మెల్లగా. ఇలా నాలుగుసార్లు. గట్టి నిమిషాల్లో గుండె 85 నుంచి 95 శాతం మధ్య, అంటే మీకు 147 నుంచి 164 దాకా. నార్వే పరిశోధకులు గుండె రోగుల మీదా ఆటగాళ్ల మీదా పరీక్షించిన పద్ధతి ఇది. మిగతా రెండు రోజులు సైకిల్‌కి పూర్తి విశ్రాంతి. బలం తొక్కేటప్పుడు రాదు, ఆ తర్వాత పడుకున్నప్పుడు వస్తుంది.

సీటు సరిచేసి మోకాలి నొప్పి తగ్గేదాకా గట్టి రోజులు మొదలుపెట్టొద్దు. ఇంకా ముఖ్యంగా, బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోకుండా అసలే మొదలుపెట్టొద్దు.

పానగల్_రోడ్డు
వారానికి రెండు రోజులు సెలవా సార్? ఒక్కరోజు మానితేనే తప్పు చేసినట్టుంటుంది నాకు.

దేవరకొండ_దారి
ఫిజియో గారి చివరి వాక్యం దగ్గర ఆగండి అన్నా. నాకు 49లో జరిగింది చెప్తాను.

రోజూ తొక్కేవాణ్ని, సిగరెట్ లేదు, మందు లేదు. చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీ మధ్యలో ఎవరో అరచేత్తో నొక్కినట్టుండేది. ఆగితే రెండు నిమిషాల్లో పోయేది. గ్యాస్ అనుకున్నాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో పోతున్నాను కాబట్టి అనుకుని రెండు ఇడ్లీలు తిని బయలుదేరేవాణ్ని. మూడు వారాలు అలాగే గడిపాను. ఒకరోజు ఎడమ దవడ లాగినట్టయింది, చెమటలు పట్టాయి. మైలురాయి మీద కూర్చుంటే పాలు పోసుకొచ్చే ఆయన నన్ను చూసి బండి మీద ఎక్కించుకుపోయాడు. ఒక రక్తనాళం 90 శాతం మూసుకుపోయింది, స్టెంట్ వేశారు. మా నాన్నకి 54లో గుండెపోటు వచ్చిందని నాకు తెలుసు. తెలిసి కూడా చూపించుకోలేదు.

శ్రమపడితే వచ్చి, ఆగితే పోయే నొప్పిని గ్యాస్ అనుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉంటే ఈసీజీతో ఆగకుండా డాక్టర్ని టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) గురించి అడగండి. కూర్చున్నప్పుడు తీసిన నా ఈసీజీ నార్మల్‌గానే ఉంది.

ఇప్పుడు 51. డాక్టరు ఒప్పుకున్నాక మళ్లీ తొక్కుతున్నాను.

పాలమూరు_టీచరమ్మ
దేవరకొండ అన్నయ్యా, ఇది రాసినందుకు థాంక్స్. మా ఆయనకి చదివి వినిపించాను. రేపు చూపించుకుంటానన్నారు.

మిర్యాలగూడ_ఫిజియో
దీనికే ఒక ముక్క కలుపుతాను. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు గుండె వేగం పైకి పోదు. వాళ్లు 220 లెక్క, వాచీ అంకెలు పక్కన పెట్టి మాటల పరీక్షనే నమ్ముకోవాలి.

దేవరకొండ_దారి
నేను చేసేది అదే సార్. నా వాచీ 118 దాటదు.

మర్రిగూడ_మట్టి
మాకు మోకాళ్లు, నడుము బిగుసుకుంటే సైకిల్ మీద నెపం పెట్టలేం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చాయి, పిల్లలకి ఆ బాధ తప్పుతోంది. 50 దాటిన మావాళ్ల ఎముకల్లో మాత్రం అది కూర్చునే ఉంది. నాకు 58. మెడ పూర్తిగా తిరగదు, వెనక లారీ వస్తుందో లేదో చూడలేను. హ్యాండిల్‌కి చిన్న అద్దం పెట్టించుకున్నాను. మునుగోడు, చండూరు, మర్రిగూడ వైపు వాళ్లెవరైనా ఒళ్లు బిగుసుకుపోతోందంటే ఎక్స్‌రే తీయించుకున్నాకే ఈ గట్టి తొక్కుళ్లు పెట్టుకోండి. నేను మెల్లగానే తొక్కుతాను. మెల్లగా తొక్కినా పొద్దున లేచాక కాళ్లు కదులుతున్నాయి, అది నాకు పెద్ద సంగతి.

సైకిల్_టాక్సీ_మామ
అద్దం ఆలోచన చాలా బాగుంది పెద్దన్నా. హైవే ఎక్కేవాళ్లందరూ పెట్టించుకోవాలి.

జడ్చర్ల_జంక్షన్
అందరూ స్పీడు వెంట పడ్డారు. నాకు 53. పోయిన చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పూర్తి చేశాను. దానికి గడువు 13 గంటల 30 నిమిషాలు. లెక్కేస్తే టిఫినూ భోజనం ఆపులతో కలిపి గంటకి 15 కూడా అక్కర్లేదు. వయసుకి పైపరిమితి లేదు. హైదరాబాద్ రాండనూర్స్ అనే సైకిల్ క్లబ్ వాళ్లు నడుపుతారు, రేసు కాదు, ఎవరు ముందొచ్చారో రాయరు. 18 సగటు ఉన్న మనిషి దూరం పెంచుకుంటే చాలు, 22 ఎందుకు?

కల్వకుర్తి_కుర్రోడు
ఆయన అడిగింది స్పీడు గురించి కదా అన్నా.

జడ్చర్ల_జంక్షన్
అడిగాడు, ఒప్పుకుంటాను. కానీ ఆదివారం మూడు గంటలు మెల్లగా తొక్కితే మామూలు రోజు స్పీడు దానంతటదే పెరుగుతుంది. నాకు అట్లనే పెరిగింది. గట్టి తొక్కుళ్లు నేను ఒక్కటీ చేయలేదు.

మిర్యాలగూడ_ఫిజియో
కొంతవరకు నిజం సార్, చాలామందికి దూరంతోనే మొదటి మెట్టు ఎక్కడం అవుతుంది. అయితే వ్యాయామం చేయని ఒంట్లో ఆక్సిజన్ వాడుకునే శక్తి ముప్పై దాటాక పదేళ్లకు పది శాతం దాకా తగ్గుతూ వస్తుంది. దాన్ని పట్టి ఆపేది ఎక్కువగా గట్టి తొక్కుళ్లే. ఫ్రాన్సులో రాబర్ట్ మార్షాన్ అని ఒకాయన ఉండేవారు. 2012లో నూరేళ్లకి గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కారు. తర్వాత రెండేళ్లు శాస్త్రవేత్తల సలహాతో సాధన చేశారు, ఎక్కువ భాగం మెల్లగా, కొంత భాగం గట్టిగా. 2014లో 102 ఏళ్లకి గంటలో 26.927 కిలోమీటర్లు. ఆయన ఆక్సిజన్ వాడకం కూడా కిలో బరువుకి నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కి పెరిగింది. నూరు దాటాక పెరిగింది, 47కి ఎందుకు పెరగదు?

పానగల్_రోడ్డు
102 ఏళ్లకి దాదాపు 27! మా అబ్బాయికి చూపించాను, వాడూ నమ్మలేదు. సరే సార్, సెలవులు తీసుకుంటాను.

పాలమూరు_టీచరమ్మ
ఆడవాళ్లెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం. నాకు 44. రెండేళ్ల కింద ఎంత తొక్కినా ఆయాసమే. అందరూ బరువు తగ్గమన్నారు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నాను, మాత్ర వేసుకోగానే టీ తాగడం మానేశాను, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. అదే సైకిల్, అదే పిల్లలమర్రి రోడ్డు, కాళ్లు నావేనా అనిపించింది. థైరాయిడ్ కూడా చూపించుకోండి. స్పీడు ప్లాన్లు ఆ తర్వాత.

చెర్వుగట్టు_మెట్లు
నల్లగొండవాళ్లకి గట్టి రోజు కోసం చెర్వుగట్టు గుట్టను మించింది లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు స్పీడు తక్కువ కాబట్టి గాలి గోల ఉండదు, గుండె తనంతట తనే పైకి పోతుంది. బరువు గేరులో మోకాళ్లు అరగదీయకుండా తేలిక గేరులో పెట్టి కాళ్లు చకచకా తిప్పండి. సమతలంలో నిమిషానికి 80, 90 సార్లు తిరగాలి, ఎత్తులో 65, 70 అయినా చాలు. అమావాస్య నాడు మాత్రం పోవద్దు, జడల రామలింగేశ్వరుడి దర్శనానికి వచ్చే జనంతో దారి నిండిపోతుంది.

కల్వకుర్తి_కుర్రోడు
కుక్కల సంగతి ఎవరూ చెప్పలేదు. ఊళ్ల దగ్గర వెంటపడితే స్పీడు 35 వస్తోంది 😀

మర్రిగూడ_మట్టి
పారిపోతేనే తరుముతాయి తమ్ముడూ. దిగి, సైకిల్‌ని నీకూ దానికీ మధ్య పెట్టుకుని నడువు. నాలుగడుగులకి వదిలేస్తుంది.

పానగల్_రోడ్డు
తిండి సంగతి కూడా చెప్పండి. పొద్దున ఖాళీ కడుపుతో పోయి, వచ్చేటప్పుడు టిఫిన్ సెంటర్ దగ్గర పూరీ, ఆపైన ఒక మైసూర్ బజ్జీ ప్లేటు.

మిర్యాలగూడ_ఫిజియో
మెల్లని రోజు ఖాళీ కడుపుతో పర్వాలేదు. గట్టి రోజు పోయేముందు ఒక అరటిపండు. గంటన్నర దాటితే జేబులో పల్లీపట్టీ. బజ్జీ ఆదివారానికి ఉంచుకోండి. మీ వయసులో కండ కరగడం మొదలవుతుంది, మాంసకృత్తులు కిలో బరువుకి ఒక గ్రాము తగ్గకుండా చూసుకోవాలి, మీకు రోజుకి 80 పైన. గుడ్డులో 6 గ్రాములుంటాయి, గుప్పెడు పల్లీల్లో 7. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి. విశ్రాంతి రోజుల్లో గుంజీళ్లు తీయండి, మోకాలి నొప్పి తగ్గాక. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి.

జడ్చర్ల_జంక్షన్
జొన్నరొట్టె, పప్పు రాత్రి తిని పడుకుంటే పొద్దున నలభై కిలోమీటర్లు హాయిగా పోతాయి. నీళ్లు దూప అయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్య తాగాలి, ఎండాకాలంలో ఉప్పేసిన మజ్జిగ.

పానగల్_రోడ్డు
ఎనిమిది వారాల తర్వాత రాస్తున్నాను.

ముందు అసలు విషయం. పరీక్షలు చేయించుకున్నాను. షుగర్ లేదు, టీఎంటీ బాగుంది, బీపీ 150/96. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. డాక్టరు మాత్ర రాసి, ఉప్పు తగ్గించమని, మూడు వారాల తర్వాత మళ్లీ చూసి గట్టి తొక్కుళ్లు మొదలుపెట్టమన్నారు. ఈ చర్చ లేకపోతే బీపీతోనే రోజూ గసపోసుకుంటూ తొక్కేవాణ్ని. దేవరకొండ అన్నా, మీకు రుణపడి ఉన్నాను.

సీటు పదిహేను రోజుల్లో నాలుగు వేళ్లు లేచింది. మొదటి రోజు ఆకాశంలో కూర్చున్నట్టుంది, పానగల్ స్పీడ్‌బ్రేకర్ దగ్గర దిగడానికి భయమేసింది. మూడో వారానికి మెట్లు దిగుతుంటే నొప్పి లేదు. ఆ రోజు కావాలనే ఆఫీసు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను.

మెల్లగా తొక్కడం అన్నిటికంటే కష్టమైంది. 125 దాటకూడదంటే నా స్పీడు 15కి పడిపోయింది. ఇప్పుడు అదే 125 దగ్గర 17.5 వస్తోంది. గట్టి రోజులు ఐదు వారాలు చేశాను, వారానికి రెండు. నాలుగో నాలుగు నిమిషాలప్పుడు కట్ట మీది కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పోతాను, పదకొండో స్తంభం దాకా ఓర్చుకుంటే అయిపోతుంది. మొన్న గాలి లేని పొద్దున 24 కిలోమీటర్లు 70 నిమిషాల్లో పూర్తయింది. సగటు 20.6. బరువు 79. పదకొండింటి నిద్ర పోయింది.

22 ఇంకా రాలేదు. రోడ్ బైక్ కొనలేదు.

కల్వకుర్తి_కుర్రోడు
సూపర్ అన్నా!! చలికాలంలో 22 ఖాయం.

పాలమూరు_టీచరమ్మ
80 నిమిషాల నుంచి 70. పది నిమిషాలు! చాలా సంతోషంగా ఉంది అన్నయ్య గారూ. మా ఆయనకీ బీపీ బయటపడింది. ఇప్పుడు ఇద్దరం కలిసి తొక్కుతున్నాం.

దేవరకొండ_దారి
రుణం ఏమీ లేదు అన్నా. మాత్ర మానొద్దు, అంతే.

జడ్చర్ల_జంక్షన్
డిసెంబర్‌లో 200కి పేరు ఇస్తారా? ఆదివారం దూరం పెంచడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

పానగల్_రోడ్డు
ముందు నాగార్జునసాగర్ దాకా ఒకసారి పోయి చూస్తాను సార్, ఆ తర్వాత చెప్తాను. మామా, గట్టిగా తొక్కేటప్పుడు వెనక చక్రంలో టక్ టక్‌మని చప్పుడు వస్తోంది. ప్రమాదమా?

సైకిల్_టాక్సీ_మామ
చక్రం పుల్ల (స్పోకు) ఒకటి వదులై ఉంటుంది. అలాగే సాగర్ దాకా పోవద్దు. శనివారం పట్టుకురా, బెండు కూడా తీసి ఇస్తాను.

పానగల్_రోడ్డు
ఆఫీసు అయ్యేసరికి ఆరున్నర అవుతుంది మామా, ఉంటారా?

సైకిల్_టాక్సీ_మామ
నువ్వు వచ్చేదాకా ఉంటాను.